గవ్వ ముందా, ఎత్తు ముందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కర్నూలులో మేము నలుగురం కలిసి తయారుచేస్తున్న వంతులవారీ యుద్ధవ్యూహపు కంప్యూటర్ ఆట గురించి ఇదివరకు ఈ శీర్షికలో రాసినప్పుడు, దాని నమూనాను ఆడి చూడదలచినవారు ఉత్తరం రాయవచ్చని చెప్పాను. ఆడి చూసినవారు పంపిన ప్రశ్నలతోనే ఈ నెల శీర్షిక నిండిపోయింది. కొత్తగా చదివేవారి కోసం ఒక్క మాట చెబుతాను. ఆట జరిగేది రాయలసీమ నేలను పోలిన ఒక కల్పిత రాజ్యంలో. అక్కడ మామూలు సైనికులతో పాటు కొరివి దయ్యాలు, బ్రహ్మరాక్షసులు, మంత్రగాళ్లు కూడా పోరాడతారు. ఇరుపక్షాలూ ఒకరి తరువాత ఒకరు తమ దళాలను కదుపుతారు. ఆటకు ఇంకా పేరు పెట్టలేదు. నియమాలు మారుతూనే ఉన్నాయి కనుక ఈ జవాబులు నేటి నమూనాకే వర్తిస్తాయి.

ప్రశ్న: మొదటి నమూనాలో నా విలుకాడి బాణం తగిలే అవకాశం 90 శాతమని తెర మీద చూపించి, వరుసగా మూడుసార్లు గురి తప్పించారు. కంప్యూటర్ మోసం చేస్తోందా? రెండో నమూనాలో శాతాలు మొత్తం తీసేసి గవ్వలు పెట్టారు. తప్పు కప్పిపుచ్చుకోవడానికేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ఆదోని

జవాబు: మోసం లేదు, అయినా మీ కోపంలో న్యాయం ఉంది. 90 శాతం అవకాశం ఉన్న దెబ్బ వరుసగా మూడుసార్లు తప్పడమనేది వెయ్యిలో ఒకసారి జరిగే సంగతి. వెయ్యిలో ఒకటి అనగానే అది మన కంట పడదని అనుకుంటాం గాని, ఒక దండయాత్ర ముగిసేసరికి ఆటగాడు అటువంటి దెబ్బలు వంద దాకా వేస్తాడు. ఆ వందలో ఎక్కడో ఒకచోట వరుసగా రెండు తప్పడానికి సగానికి పైగా అవకాశం ఉంది. వరుసగా మూడు తప్పడం దాదాపు పన్నెండు మందిలో ఒకరికి జరుగుతుంది. ఆ పన్నెండో మనిషి మీరయ్యారు. తగిలిన దెబ్బలు ఎవరికీ గుర్తుండవు, తప్పినవి మాత్రం అన్నం తింటున్నప్పుడు కూడా గుర్తుకు వస్తాయి.

జపాన్‌లో 1990లో మొదలైన ఫైర్ ఎంబ్లమ్ అనే యుద్ధవ్యూహపు ఆటల శ్రేణి తయారీదారులు ఈ కోపాన్ని చల్లార్చడానికి ఒక ఉపాయం పన్నారు. 2002లో వచ్చిన ఆటలో, యాదృచ్ఛికంగా తీసే సంఖ్య ఒకటికి బదులు రెండు తీసి వాటి సగటును చూసే పద్ధతి పెట్టారు. దానివల్ల తెర మీద 90 కనిపించినప్పుడు నిజానికి వందకు దాదాపు 98 దెబ్బలు తగులుతాయి. 25 కనిపించినప్పుడు తగిలేవి దాదాపు 13 మాత్రమే. అంటే మనిషి మనసు 90ని ఎలా అర్థం చేసుకుంటుందో దానికి తగినట్టుగా అంకె వెనుక ఉన్న లెక్కను వంచారన్నమాట. ఆటగాడికి మేలు చేసేదే అయినా అది అబద్ధమే గనుక మాకు రుచించలేదు. నిజం చెబితే మీవంటివారు నొచ్చుకుంటున్నారు, అబద్ధం చెప్పడానికి మాకు మనసొప్పలేదు. ఇక మిగిలిన దారి ఆ ప్రశ్నే తలెత్తకుండా చేయడం.

అప్పుడు మాకు దారి చూపినవి ఇంటి అరుగు మీద ఆడుకున్న ఆటలే. పులి మేక ఆటలో అదృష్టానికి అసలు చోటు లేదు. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు చోట్లు, అంతా కళ్లెదుటే ఉంటుంది. అష్టాచెమ్మాలో అదృష్టం కావలసినంత ఉంది, కాని అది వచ్చే సమయం వేరు. ముందు గవ్వలు వేస్తాం, పడిన పందెం ఎంతో చూస్తాం, ఆ తరువాతే ఏ కాయను జరపాలో, ఎదుటివాడి కాయను చంపాలో, మన కాయను గట్టు మీదికి చేర్చాలో తేల్చుకుంటాం. శాతాల పద్ధతిలో ఇది తలకిందులవుతుంది: ముందు ఆలోచించి నిర్ణయం తీసుకుంటాం, ఆ తరువాత అదృష్టం వచ్చి దాన్ని నిలబెట్టడమో కూలదోయడమో చేస్తుంది. నిర్ణయానికి ముందు వచ్చే అదృష్టం ఆటగాడి ముందు ఒక చిక్కుముడి వేసి విప్పమంటుంది. తరువాత వచ్చేది అతడి మీద తీర్పు చెబుతుంది. మనుషులకు కోపం తెప్పించేది ఆ తీర్పే.

అందుకే రెండో నమూనాలో ప్రతి వంతు మొదట్లో నాలుగు గవ్వలను ఐదుసార్లు వేసి, పడిన ఐదు పందేలను తెర కింది భాగంలో ఇరుపక్షాలకూ కనబడేటట్టు వరుసగా పెడుతున్నాం. వెల్లకిలా పడిన గవ్వలెన్నో అంతే పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. ఏ పందేన్ని ఏ దళానికి ఖర్చు పెట్టాలన్నది మీ ఇష్టం. ఆయుధ బలానికి పందెం కలిపి, ఎదుటివాడి కవచం తీసివేస్తే వచ్చేదే దెబ్బ. బలం 4 ఉన్న ఈటెగాడికి 3 పందెం ఇచ్చి, కవచం 2 ఉన్నవాడి మీదికి పంపితే అతడి ప్రాణాల్లో (అంటే ఓర్చుకోగల దెబ్బ లెక్కలో) 5 పోతాయి; 4 కూడా కాదు, 6 కూడా కాదు. గవ్వలు బోర్లా, వెల్లకిలా సమానంగా పడతాయనుకుంటే పదహారుసార్లు వేస్తే సగటున 2 ఆరుసార్లు, 1 నాలుగుసార్లు, 3 నాలుగుసార్లు, చెమ్మా ఒకసారి, అష్టా ఒకసారి పడతాయి. నిజం గవ్వలు అంత బుద్ధిమంతులు కావు, ఒక్కొక్క గవ్వకు ఒక్కొక్క వాలు ఉంటుంది. ఇంట్లో ఆడినవారికి ఏ గవ్వ ఎటు మొగ్గుతుందో తెలిసే ఉంటుంది. మా కంప్యూటర్ గవ్వలకు మాత్రం వాలు లేదు.

ఈ పద్ధతిలోనూ లోపాలు కనబడ్డాయి. వాడని పందెం ఒకదాన్ని తరువాతి వంతుకు దాచుకోవచ్చని మొదట నియమం పెట్టాం. ఫలితంగా ఆడినవారందరూ అష్టా పడగానే దాన్ని దాచిపెట్టి, శత్రువుల పెద్ద మంత్రగాడు ఎప్పుడు ముందుకు వస్తాడా అని చెరువు గట్టున కొంగల్లా కాచుకొని కూర్చున్నారు. ఇప్పుడు వంతు ముగిస్తే మిగిలిన పందేలు చెల్లవు. ఇక రెండో లోపాన్ని ఇంకా పూర్తిగా సరిచేయలేకపోయాం. అన్నీ ముందే తెలుస్తాయి కనుక కొందరు ఒక్క వంతు మీద టీ చల్లారేదాకా ఆలోచిస్తున్నారు. పందేలను ఐదు నుంచి నాలుగుకు తగ్గించి చూస్తున్నాం.

ప్రశ్న: నాయనా, నేను నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని. బలంలోంచి కవచాన్ని తీసివేసే మీ సూత్రంలో దోషం ఉంది. బలం 12 ఉన్న శత్రువు ఎదుట కవచం 0 నుంచి 1కి పెరిగితే దెబ్బ 12 నుంచి 11కి తగ్గుతుంది, అది లెక్కలోకి రాదు. అదే కవచం 10 నుంచి 11కి పెరిగితే దెబ్బ 2 నుంచి 1కి, అంటే సగానికి పడిపోతుంది. ఒకే మెట్టుకు రెండు విలువలా? దానికి బదులు బలాన్ని 100తో గుణించి, 100కు కవచాన్ని కూడగా వచ్చినదానితో భాగించవచ్చు కదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

జవాబు: అయ్యవారూ, మీరు పట్టుకున్న దోషం నిజమే, మీరు చెప్పిన సూత్రం కూడా చాలా ఆటల్లో వాడుకలో ఉన్నదే. దానిలో కవచం 100 అయితే దెబ్బ సగమవుతుంది, 200 అయితే మూడో వంతు, 300 అయితే నాలుగో వంతు. పైకి చూస్తే కవచం విలువ పోనుపోను తగ్గిపోతున్నట్టు అనిపిస్తుంది గాని, 60 ప్రాణాలున్న సైనికుణ్ని పడగొట్టడానికి మొత్తం ఎంత బలం ఖర్చవుతుందో లెక్క వేస్తే 60, 120, 180, 240 అని సమానమైన మెట్లుగా వస్తుంది. లెక్క తెలిసినవారికి ముచ్చట గొలిపే సూత్రమది.

అయినా దాన్ని తీసుకోలేకపోతున్నందుకు మన్నించండి. బలం 7, పందెం 3, కవచం 45 అని ఇస్తే దెబ్బ ఎంతో మీరు కళ్లు మూసుకొని చెప్పగలరు, నాకు మాత్రం కాగితం కావాలి. పందేలను ముందే చూపించడంలో మా ఉద్దేశమంతా, ఎత్తు వేయకముందే దాని ఫలితం ఆటగాడి నోటికి రావాలన్నదే. వేళ్ల మీద లెక్కకు అందని సూత్రాన్ని పెడితే ఆటగాడు తెర మీది అంకెను నమ్మడమే తప్ప తాను ఆలోచించేది ఉండదు. అందుకని తీసివేతనే ఉంచి, మీరు చూపిన దోషం ముదరకుండా రెండు కట్టుబాట్లు పెట్టాం. కవచం ఎవరికీ 4 దాటదు. తగిలిన ఏ దెబ్బయినా కనీసం ఒక ప్రాణం తీస్తుంది. దోషం పూర్తిగా పోలేదని ఒప్పుకుంటాను. పందెం 1 మాత్రమే మిగిలినప్పుడు, బలం 4 ఉన్న ఈటెగాడి ఎదుట కవచం 4 ఉన్న బ్రహ్మరాక్షసుడు నిలబడితే మీరు చెప్పినదే జరుగుతుంది.

ప్రశ్న: చదరంగంలా నాలుగు పలకల గడులు కాకుండా తేనెపట్టులాంటి ఆరు పలకల గడులు ఎందుకు పెట్టారు? దళాలను నేరుగా ఉత్తరానికో తూర్పుకో నడపడం కష్టంగా ఉంది.
– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

జవాబు: నాలుగు పలకల గడిలో మూలగా వెళితే పక్కకు వెళ్లినదానికన్నా 1.41 రెట్లు దూరం నడిచినట్టు లెక్క. మూల నడకను ఒకే అడుగుగా లెక్కిస్తే మూలగా పోయేవాడికి ఉచితంగా దూరం కలిసివస్తుంది. మూల నడకే వద్దంటే మనిషి అడ్డదిడ్డంగా మెట్లు తొక్కుతూ పోవాలి. ఆరు పలకల గడికి ఆరుగురు ఇరుగుపొరుగు, అందరూ సమాన దూరంలో ఉంటారు. మీరు అన్నట్టు నాలుగు దిక్కుల్లో ఏవో రెండింటికి మాత్రం సూటి దారి ఉండదు. ఆ ఇబ్బందిని ఓర్చుకోక తప్పదు.

మీది జమ్మలమడుగు కనుక గండికోట చూసే ఉంటారు. ఒక పక్క పెన్నానది కోసిన లోయ, ఇంకో పక్క ఎర్రమల కొండలు ఉండగా, తక్కువ మందితో ఎక్కువ మందిని నిలువరించడానికి అంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది? ఆరు పలకల గడుల్లో ఈ నిలువరింపుకు చక్కని నియమం కుదిరింది. శత్రుదళం పక్క గడిలో అడుగుపెట్టినవాడు ఆ వంతుకు అక్కడే ఆగిపోవాలి. అందువల్ల ఇద్దరు ఈటెగాళ్ల మధ్య రెండు గడులు ఖాళీగా వదిలినా సరే, ఆ రెండు గడులూ ఎవరో ఒకరి పక్కనే ఉంటాయి కనుక శత్రువు ఒకే వంతులో వారిని దాటి లోపలికి పోలేడు. కోటమార్గంలో నలుగురిని సరైన ఎడంతో నిలబెడితే పన్నెండు గడుల వెడల్పు దాకా కాపు కాయవచ్చు. మీ ఉత్తరంలో గోడలాగా ఆనించి నిలబెట్టానని రాశారు. ఈసారి ఎడం ఇచ్చి చూడండి. గాలిలో తేలే కొరివి దయ్యాలకు మాత్రం ఈ కట్టడి వర్తించదు, రాత్రి వేళ ఆ సంగతి మరవకండి.

ప్రశ్న: నల్లరేగడి నేల మీద నా గుర్రాలు ఒక్కసారిగా కదలకుండా నిలిచిపోయాయి. ఇది ఆటలో లోపమా?
– ఒక రైతు బిడ్డ, నంద్యాల

జవాబు: నంద్యాల నుంచి ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. వాన పడ్డాక రేగడి చేలో నడిస్తే కాళ్లకు ఎంత బురద అంటుకుంటుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఆటలో ఎర్రనేల గడి దాటడానికి ఎప్పుడైనా ఒక అడుగే ఖర్చవుతుంది; నల్లరేగడికి ఎండలో ఒకటి, తడిసినప్పుడు మూడు. మీ గుర్రాలకు వంతుకు ఐదు అడుగులు ఉన్నాయి, మొదటి గడికే మూడు పోయాయి, రెండో గడికి చాలలేదు. వాన వస్తుందన్న సంగతిని రెండు వంతుల ముందే తెర పైభాగాన మబ్బు గుర్తుతో చూపిస్తున్నాం. వానకు కూడా గవ్వల నియమమే: ముందు కనబడాలి, తరువాతే మీరు కదలాలి. మబ్బు గుర్తు మరీ చిన్నదిగా ఉందని మీతో పాటు మరి ఇద్దరు రాశారు, పెద్దది చేస్తాం.

ప్రశ్న: పగలు బాగా గెలుస్తూ ఉండి రాత్రి కాగానే ఓడిపోతున్నాను. ఎందుకు?
– తాడిపత్రి

జవాబు: ఆటలో ఒక రోజుకు ఎనిమిది వంతులు ఉంటాయి, వంతుకు ఒక జాము చొప్పున పగలు నాలుగు, రాత్రి నాలుగు. బాటిల్ ఫర్ వెస్నాత్ అనే ఉచిత ఆటలో రోజును ఆరు వంతులుగా విడదీసి, పగటి జాతులకు పగలు, చీకటి జాతులకు రాత్రి దెబ్బ బలం నాలుగో వంతు పెంచుతారు. మేము బలాన్ని ముట్టుకోకుండా చూపును తగ్గించాం. పగలు దళానికి నాలుగు గడుల దూరం కనబడుతుంది, రాత్రి రెండు గడులే. చుట్టూ నాలుగు గడుల దూరం లోపల 60 గడులు ఉంటే రెండు గడుల దూరం లోపల ఉన్నవి 18 మాత్రమే. అంటే మీ కళ్లకు మూడో వంతు లోకం కూడా మిగలదు. చీకటిపడే జాముకు ముందే దళాలను దగ్గరకు చేర్చుకోండి.

ప్రశ్న: 1997లోనే డీప్ బ్లూ అనే కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించింది కదా, మీ ఆటలో కంప్యూటర్ ఎందుకంత తెలివితక్కువగా ఆడుతోంది? కష్టమైన స్థాయిలో మాత్రం దానికి నా దళాలన్నీ కనబడుతున్నట్టు అనుమానం.
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, అనంతపురం

జవాబు: చదరంగంలో వంతుకు ఒక్క పావునే కదుపుతాం, మధ్య ఆటలో సుమారు 35 ఎత్తులు సాధ్యమవుతాయి. మా ఆటలో ఒకే వంతులో దళాలన్నీ కదులుతాయి. దళానికి 20 గడుల ఎంపిక ఉండి, పది దళాలు ఉన్నాయనుకోండి. 20ని పదిసార్లు గుణిస్తే ఒక్క వంతుకే పది లక్షల కోట్లకు పైగా దారులు వస్తాయి. దానికి ఏ దళం ముందు కదలాలి, ఏ పందెం ఎవరికి అన్న ఎంపికలు ఇంకా కలపనేలేదు. అన్నీ వెతికి చూడడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు కనుక మా కంప్యూటర్ ఒక్కొక్క గడికి మార్కులు వేసుకుంటుంది: ఇక్కడ నిలబడితే ఎవరిని కొట్టగలను, నన్ను ఎవరు కొట్టగలరు, దళాలకు ధాన్యం అందించే గాదె ఎంత దూరం, మరుసటి జాముకు చీకటి పడుతుందా అని. మార్కులు ఎక్కువ వచ్చిన గడికి పోతుంది. పది దళాలు కలిసి ఒక పన్నాగం పన్నడం దానికింకా రాదు. మీకు తెలివితక్కువగా కనిపించింది అదే.

మీ అనుమానానికి వస్తే, ఏ స్థాయిలోనూ కంప్యూటర్‌కు చీకటిలోని దళాలు కనబడవు, గవ్వలు కూడా మీకు పడినట్టే పడతాయి. కష్టమైన స్థాయిలో దానికి ఆదాయం ఎక్కువ ఇస్తున్నాం. సివిలైజేషన్ వంటి పేరున్న ఆటల్లోనూ పై స్థాయిల్లో కంప్యూటర్‌కు ఇటువంటి రాయితీలే ఉంటాయి, తెలివి పెంచడం కన్నా ధనం పెంచడం సులువు కనుక. మా తప్పు ఒక్కటే, ఆ మాట తెర మీద ఎక్కడా రాయలేదు. వచ్చే నమూనాలో స్థాయి ఎంచుకునే చోటే, ఎంత అదనపు ఆదాయమో అంకెతో సహా కనబడుతుంది.

ప్రశ్న: మొదటి పెద్ద యుద్ధంలో ఓడిపోతే ఆ తరువాత ఆడడం దండగ అనిపిస్తోంది. గెలిచినవాడికే ఊళ్లు, ఊళ్ల వల్ల ధనం, ధనంతో మరిన్ని దళాలు. పుండు మీద కారం చల్లినట్టు ఉంది.
– గుత్తి

జవాబు: ఈ జబ్బు వంతుల ఆటలన్నింటికీ ఉన్నదే. దీనికి మేము వేసిన మందు బత్తెం. ప్రతి దళానికీ ప్రతి వంతూ గాదె నుంచి ధాన్యం అందాలి. గాదెకు ఆరు గడుల లోపల ఉంటే ఒక మూట, ఆ పైన ప్రతి ఆరు గడులకూ ఇంకొక మూట. గెలిచినవాడు శత్రుదేశం లోపలికి పోయేకొద్దీ బత్తెం ఖర్చు పెరుగుతుంది. ఓడినవాడు తన గాదె దగ్గరకు ముడుచుకొని పోతాడు కనుక తక్కువ ధాన్యంతో బతుకుతాడు. మీది గుత్తి, ఆ కొండకోటను కింది నుంచి చూసినవారెవరికైనా, ముట్టడి వేసిన సేనకు పైనున్న గోడల కన్నా కిందనున్న తమ కడుపులే పెద్ద శత్రువులని అర్థమవుతుంది. ఓడిన తరువాత కోటలోకి వెనుదిరగకుండా మిగిలిన దళాలతో మైదానంలోనే మళ్లీ తలపడ్డానని మీరే రాశారు. ఈసారి నాలుగు జాములు కోటలో ఓపిక పట్టి, ఆ తరువాత ఇద్దరు రౌతులను పంపి శత్రువు గాదె దారిని తెంచండి. అప్పటికీ తేరుకోలేకపోతే దోషం మాది, మళ్లీ రాయండి.

ప్రశ్న: ముందు ఆడేవాడికి లాభం ఎక్కువ కాదా?
– ధర్మవరం

జవాబు: ఎక్కువే. జపాన్‌లో నల్ల, తెల్ల రాళ్లతో ఆడే గో అనే ఆటలో రెండో ఆటగాడికి ఆరున్నర పాయింట్లు ముందుగానే ఇస్తారు. మేము ముందు ఆడేవాడికి మొదటి వంతులో మూడు పందేలే ఇస్తున్నాం. ఇద్దరూ సరిసమానంగా గెలుస్తున్నారా అన్నది తేలడానికి ఇంకా చాలా ఆటలు ఆడించాలి.

ప్రశ్న: పొరపాటున తప్పు గడి మీద నొక్కితే ఎత్తు వెనక్కు తీసుకునే వీలు ఒకసారి ఇస్తున్నారు, ఒకసారి ఇవ్వడం లేదు. నియమం ఏమిటి?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: అమ్మా, ఆ నియమాన్ని తెర మీద వివరించకపోవడం మా లోపమే. పులి మేక ఆటలో కాయ మీద నుంచి చెయ్యి తీశాక మాట మార్చనివ్వరు. మేము అంత కఠినంగా లేము. మీ దళం కదిలినప్పుడు అంతకుముందు మీకు కనబడని గడి ఒక్కటి కూడా కొత్తగా కనబడకపోతే, ఎవరికీ దెబ్బ తగలకపోతే, ఆ ఎత్తును ఎన్నిసార్లయినా వెనక్కు తీసుకోవచ్చు. కొత్త గడి కనబడిందంటే మాత్రం కుదరదు, ఎందుకంటే చీకటిలోకి ఒక్కొక్క సైనికుణ్ని పంపి, శత్రువు ఎక్కడున్నాడో చూసి, వెనక్కు పిలిచి, ఏమీ ఎరగనట్టు ఉండవచ్చు. మీకు వెనక్కు వచ్చినవన్నీ పగటి ఎత్తులు, రానివన్నీ రాత్రివి అయి ఉంటాయి. వేలు జారి తప్పు గడి నొక్కడం వేరే సంగతి. దానికోసం రాత్రి జాముల్లో మాత్రం గడిని రెండుసార్లు నొక్కితేనే దళం కదిలేటట్టు మారుస్తున్నాం.